బజ్జీల బండి పాడిన పద్యం

ఒక ఊరు ఊరంతా స్టేజీ మీదున్న రాజుగారికి వీపు చూపించి, బజ్జీల బండికి వన్స్‌మోర్ కొట్టిందంటే మీరు నమ్మరు. ఆ పని చేయించింది నేనే కాకపోతే నేనూ నమ్మేవాణ్ణి కాదు. దొమ్మీ జరగలేదు, కరెంటు పోలేదు, ఎవరూ తాగి లేరు. అన్నీ సవ్యంగా ఉన్న వేళ, కేవలం నా పరిజ్ఞానంతో, ఒక నిండు సభని నిలువునా వెనక్కి తిప్పాను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీ ఊళ్ళో నాటకాలుంటే, నాలాంటి అల్లుళ్ళుంటే, జాగ్రత్త పడడానికి పనికొస్తుంది.

అప్పుడు నేను రాజమండ్రిలో ఒక దినపత్రికలో సబ్‌ఎడిటర్ని. ఆదివారం సైన్సు పేజీ నాకు అప్పగించారు. అందుకు నా అర్హత, ఆ పేజీ ఇంకెవరూ పుచ్చుకోకపోవడం. ఒక వారం తేనెటీగ, ఒక వారం తోకచుక్క, ఒక వారం పేగుల్లో సూక్ష్మజీవులు. ఏ వారానికావారం ఆ విషయంలో నన్ను మించిన నిపుణుడు ఉభయగోదావరుల్లో ఉండేవాడు కాదు. సోమవారం పొద్దుటికల్లా మళ్ళీ మామూలు మనిషిని అయిపోయేవాణ్ణి. అందువల్ల ఎవరికీ ప్రమాదం ఉండేది కాదు. మనిషి చెవి గురించి రాసిన వారం మాత్రం సోమవారం వచ్చినా నాకు దిగలేదు.

సంగతి అంత రుచిగా ఉంది మరి. వినేది చెవి అనుకుంటాం. చెవి పోగుచేసి పంపుతుందంతే. వినేది మెదడు, అదీ తనకి కావలసినంత మేరకే. రైసుమిల్లు ఆడుతున్నప్పుడు పక్కన పిల్లి అరిస్తే మనకి వినపడదు. పిల్లి అరవడం మానలేదు, మిల్లు దాన్ని కప్పేసింది. మనిషికి ఏ చప్పుడు అందుతుంది, ఏది అందినా పట్టదు అని శాస్త్రజ్ఞులు కూర్చుని లెక్క కట్టారు. పాటని నొక్కి నొక్కి ఫోనులో పట్టేంత చిన్న ఫైలు చేసేవాళ్ళు ఆ లెక్క చూసి, ఎలాగూ వినపడని పిల్లిని ముందే తీసి పారేస్తారు. మనకి తేడా తెలీదు. అంతెందుకు, గోరంత ఫోను స్పీకరులో మృదంగం గుమ్ము అసలు పుట్టదు. పై నాదాలు నాలుగు వినిపిస్తే చాలు, కింది గుమ్ము మెదడు తనే కల్పించుకుని తల ఊపుతుంది.

ఇవన్నీ చదివి ఇంట్లో చెప్పాను. మా ఆవిడ శారద శ్రద్ధగా విని, "చెవి గురించి ఇంత తెలిసిన మనిషి, రెండు కేకలేస్తే గానీ పలకరేం?" అంది.

"అది నా తప్పు కాదు. టీవీ చప్పుడు నీ కేకని కప్పేసింది."

"టీవీ పాడై వారమైందండి."

శాస్త్రానికి మొదట్లో ఇలాంటి ఆటంకాలు మామూలే.

నన్ను పూర్తిగా పడగొట్టిన ముచ్చట ఇంకొకటుంది. ఈ కథకి అదే మూలం గనక ఒక్క నిమిషం ఓపిక పట్టండి. ఒకే గొంతు రెండు స్పీకర్లలోంచి వస్తోందనుకోండి. ఒకటి ముందు, ఒకటి రెప్పపాటు కన్నా బాగా తక్కువ తేడాతో వెనకాల. చెవి వాటిని రెండు గొంతులుగా వినదు. ఒకటిగానే వింటుంది. ఆ ఒకటీ ఎటునుంచి వస్తోందంటే, ముందు చేరింది ఎటునుంచి వచ్చిందో అటునుంచే అని తీర్పు చెప్పేస్తుంది. పెళ్ళిలో ముందొచ్చిన చుట్టానికి ఫ్యాను కింద కుర్చీ దొరికినట్టు. తర్వాత వచ్చినవాడు ఎంత లావుపాటివాడైనా నిలబడాల్సిందే.

దీన్ని పట్టుకుని పెద్ద పెద్ద సభల్లో ఒక చమత్కారం చేస్తారు. మధ్యలో పెట్టిన స్పీకర్లని కావాలని పిసరంత ఆలస్యంగా మోగిస్తారు. స్టేజీ దగ్గరి శబ్దం ముందు చేరుతుంది, దగ్గరున్న స్పీకరు దానికి బలమిస్తుంది. వెనక వరసలో వాడికి పక్క స్పీకరు సంగతే తెలీదు; గాయకుడు తనకే పాడుతున్నాడనుకుంటాడు. ఈ ముక్క రాసి, నా పేరు వేయించుకుని, ఆ పేపరు పట్టుకుని మరుసటి శనాదివారాలకి అత్తవారింటికి వెళ్ళాను. అక్కడే వచ్చింది చిక్కు.

అత్తవారి ఊరు నిడదవోలుకి ఇవతల, కాలవ గట్టున. మా మావయ్యగారు పగలు రైతు, స్టేజీ ఎక్కితే రాజు. ఆ ఊరి మాస్టారొకాయన రాసిన పద్యనాటకంలో రాజు వేషం ఆయన సొత్తు. నిండు సభలో నిందపడ్డ రాజు సింహాసనం దిగి, సభని నిలదీస్తూ పాడే పద్యం ఒకటుంది. దానికి రాగం ఎత్తుకుంటే కాలవలో పడవ మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా దించేవారు కాదని చెప్పుకునేవారు.

ఆ వారం ఆయన దిగులుగా ఉన్నారు.

"ఈ ఏటితో వేషం మానేస్తానండి, అల్లుడుగారూ," అన్నారు, మడత మంచం మీద కూర్చుని.

"అదేంటండి! గొంతు బాగానే ఉంది కదా!"

"ముందు వరసకి బాగానే ఉందండి. రెండేళ్ళ నుంచి వెనక వరసలో వాళ్ళు పద్యం మధ్యలో లేచిపోతున్నారు. మోతే గానీ మాట వినపట్టం లేదంట."

"ముందు వాళ్ళు వన్స్‌మోర్ కొడుతున్నారుగా!"

"ముందు కూర్చునేది చుట్టాలండి. మొహమాటానికి కొడతారు. వెనక వరసవాడికి నాతో ఏం పని? వాడు కొడితేనే వన్స్‌మోర్. ఆఖరిసారి అదొక్కటి వినేసి కిరీటం దించేద్దామని ఉందండి."

ఆ మాట అనేటప్పుడు ఆ నిలువెత్తు మనిషి కుర్చీ కోసం వెతుక్కుంటున్న పెళ్ళిచుట్టంలా కనిపించారు. అప్పుడు నేను చేయవలసింది, అయ్యో అని ఊరుకోవడం. నేనేం చేశానంటే, చంకలో పేపరు తీసి ఆయన చేతిలో పెట్టాను.

"మావయ్యగారూ, వెనక వరస నాకొదిలేయండి. మీరు స్టేజీ మీద పాడితే, ఆఖరి వరసలో వాడికి మీరు పక్కన కూర్చుని పాడినట్టుంటుంది. నా పూచీ!"

ఆయన పేపరు దూరంగా పట్టుకుని చదివారు. కింద నా పేరు మీద వేలు పెట్టి, "ఇది రాసింది మీరేనాండి?" అన్నారు.

"నేనేనండి."

"అయితే నాకేం భయం లేదు."

వంటింట్లోంచి శారద, "నాకుంది," అంది.

నాటకం రోజు ఆఫీసుకి సెలవు పెట్టి, పొద్దున్నే దిగిపోయాను. మైక్‌సెట్టు సత్తిబాబుది. ఆ చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా, ఏ చర్చి పండగకైనా, ఏ నాటకానికైనా అతని సెట్టే. మనిషి కన్నా ముందు అతని గొంతు వస్తుంది.

"ఆయ్, కొత్త డిజిటల్ మిక్సరండి. ఈ లైన్లో ఎవడి దగ్గరా లేదు. ఎన్ని బటన్లో చూడండి!"

"ఇందులో డిలే, అదే, ఆలస్యం పెట్టొచ్చా?"

"ఉందండి. అదెందుకో తెలీక ముట్టుకోలేదు. కొన్నప్పట్నుంచి రోజూ దుమ్ము మాత్రం దులుపుతున్నాను."

"ఇవాళ దాని జన్మ తరించిపోద్ది," అన్నాను.

స్టేజీకి రెండు పక్కలా రెండు పెద్ద బాక్సులు. జనం కూర్చునే మైదానం మధ్యలో ఇంకో రెండు. శబ్దం ఒక మీటరు నడవడానికి సెకనులో వెయ్యో వంతులు మూడు దాకా పడుతుంది. పందిరివాళ్ళ టేపు పట్టుకుని స్టేజీ నుంచి మధ్య బాక్సుల దాకా కొలిచి, గుణించి, ఇంకాస్త కలిపి మిక్సరులో పెట్టాను. మధ్య బాక్సులు బుద్ధిగా ఆగి, స్టేజీ బాక్సుల తర్వాత మోగుతాయన్నమాట. అవి ఇక అరవక్కర్లేదని వాటి సౌండు కూడా తగ్గించాను.

"తగ్గించారేంటండీ?" అని సత్తిబాబు కంగారుపడ్డాడు.

"చెవికి అక్కర్లేదు."

"నా సెట్టుకి పరువుంటుంది కదండీ!"

ఆఖరి వరసలో కూర్చుని కళ్ళు మూసుకున్నాను. సత్తిబాబు స్టేజీ మీంచి "హలో, మైక్ టెస్టింగ్" అన్నాడు. ఏం చెప్పమంటారు! మధ్య బాక్సులు మాయమైపోయాయి. గొంతు తిన్నగా స్టేజీ మీంచి వచ్చి నా ముందు నిలబడింది. సత్తిబాబుని కూర్చోబెట్టి వినిపించాను. అతను లేచి మధ్య బాక్సు దగ్గరికి పోయి, చెవి ఆనించి, మోగుతోందని చూసుకుని, నాకు దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణంతో నా తల కాలవ అవతలి గట్టు దాకా పెరిగింది.

అంతవరకూ అన్నీ శాస్త్రప్రకారమే. ఇప్పుడొస్తుంది గొట్టం, అంటే బాకా మూతి లౌడ్‌స్పీకరు.

మా వైపు నాటకం ఉంటే చూసేవాళ్ళకి ఒక సెట్టు, చూడనివాళ్ళకి ఒక గొట్టం కట్టడం రివాజు. రాలేని ముసలివాళ్ళు, బాలింతలు, గేదె ఈనబోతున్న వాళ్ళు ఇళ్ళలోంచే వింటారు. ఆ ఊళ్ళో స్టేజీ వెనకాల ఊరు. జనం వెనకాల కాలవ గట్టు, గట్టు మీద కొబ్బరిచెట్టు, చెట్టు కింద వీర్రాజు బజ్జీల బండి. గొట్టం ఆ కొబ్బరిచెట్టుకి, మూతి ఊరి వైపుకి పెట్టి కడతారు. అంటే అది జనం వెనకాల నిలబడి, జనం నెత్తి మీదుగా ఊరికి అరుస్తుంది.

చీకటి పడకముందు సత్తిబాబు చెట్టు కిందనుంచి అరిచాడు. "సార్! గొట్టం కలిపేయమంటారా? దీనిది పాత ఆంప్లిఫయరండి, తిన్నగా మైకు లైన్లోంచే వస్తది."

పాఠకులారా, ఆ పేపర్లో నేను రాసిందంతా నాకు కంఠతా వచ్చు. ముందు చేరిన చప్పుడుదే గెలుపని నా చేత్తో రాశాను. ఆగకుండా తిన్నగా వచ్చే గొట్టం ఆఖరి వరసల నెత్తి మీదుంది. ఆగి ఆగి వచ్చేలా నేను నేర్పిన బాక్సులు మెత్తగా ముందున్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూడ్డానికి నాకు పట్టవలసింది రెప్పపాటు. ఆ రెప్ప నేను ఆర్పలేదు. చెయ్యి ఊపి, ఘనంగా, "కలిపెయ్! అది ఊరికోసం కదా, మనకి సంబంధం లేదు. ఇక్కడ చెవులన్నీ స్టేజీకి కట్టేశాను!" అన్నాను.

నాటకం మొదలైంది. మొదటి రంగాల్లో మంత్రులూ విదూషకుడూ గోల గోలగా ఒకరి మీద ఒకరు మాట్లాడతారు. జనం ఇంకా కుర్చీలు సర్దుకుంటూ, పలకరించుకుంటూ ఉన్నారు. చప్పుడు ఎటునుంచి వస్తోందో ఎవరికీ పట్టలేదు. మిక్సరు నా దగ్గర, స్టేజీ పక్కన. అక్కడికి అంతా అద్భుతంగా వినిపిస్తోంది. పక్కనున్న శారదతో, "చూశావా?" అన్నాను.

అప్పుడు మావయ్యగారు సింహాసనం దిగారు. మైదానం నిశ్శబ్దమైపోయింది. ఆయన చెయ్యెత్తి, "ఈ సభలో నా ఎదుట నిలిచి, నా కళ్ళలోకి చూసి పలకగల మొనగాడెవ్వడు!" అని గర్జించి, పద్యం ఎత్తుకున్నారు.

ఆఖరి వరస మొత్తం వెనక్కి తిరిగింది.

వాళ్ళని అని ఏం లాభం? చెవి అటు చూడమంది. చూస్తే గొట్టం ఆకుల్లో కనపడదు. కనిపించింది బండి వెనక బల్బు వెలుగులో వీర్రాజు. పైగా అతను కిళ్ళీ నములుతున్నాడు. మావయ్యగారు రాగం తీస్తుంటే అతని దవడ తాళం తప్పకుండా కదులుతోంది. చెవి చెప్పిన సాక్ష్యానికి కన్ను సంతకం పెట్టేసింది. చెవీ కన్నూ కలిస్తే మెదడు ఇక విచారణ చెయ్యదు. ఇదీ నేను రాసిన వ్యాసంలోదే.

"ఒరే, వీర్రాజు పాడుతున్నాడ్రా!"

"ఊరుకో, బజ్జీలోడికి పద్యాలేంటి?"

"చూడు మరి! ఆ దవడ చూడు!"

"ఇన్నాళ్ళూ ఎంత కళ దాచుకున్నాడండీ!"

వెనకవాడు తిరిగితే ముందువాడు తిరగకుండా ఉంటాడా? మన ఊళ్ళలో ఒక మనిషి వెనక్కి చూస్తే ఏదో కొట్లాటని పదిమంది చూస్తారు. వరస వెనక వరస తిరుగుతూ, తూములోంచి నీళ్ళు మళ్ళినట్టు మైదానమంతా మళ్ళిపోయింది. ఆఖరికి ముందు వరసలో చుట్టాలు కూడా, మొహమాటం పక్కన పెట్టి, కుర్చీలతో సహా తిరిగారు.

ఇన్నేళ్ళూ ఆ గొట్టం అక్కడే ఉంది కదా, ఎప్పుడూ తిరగనివాళ్ళు ఇవాళ ఎందుకు తిరిగారని మీరడగొచ్చు. ఇన్నేళ్ళూ దగ్గరి బాక్సులు కూడా అదే క్షణాన గట్టిగా నోరు తెరిచేవి. అన్ని వైపుల నుంచీ మోత. ఎటు చూస్తే ఏం? వాటికి ఆగడం, మెల్లగా మాట్లాడడం నేర్పి, పోటీ లేకుండా గెలుపు గొట్టానికి నేను అప్పజెప్పాను.

వీర్రాజు తలెత్తాడు. ఊరంతా తననే చూస్తోంది. భయపడి చిల్లుల గరిటె గాల్లోకి లేపాడు. సరిగ్గా అప్పుడే పద్యం పైస్థాయి అందుకుంది. జనం హోరెత్తిపోయారు.

"వన్స్‌మోర్! వన్స్‌మోర్!"

వీర్రాజు, "వేస్తున్నానండి బాబూ! ఇంకో వాయి వేస్తున్నాను, తోసుకోకండి!" అని శనగపిండిలో చెయ్యి పెట్టాడు.

స్టేజీ మీద మావయ్యగారు ఆగిపోయారు. ఆయన ఈలలు చూశారు, కునుకులు చూశారు. సభ మొత్తం వీపుగా మారడం మాత్రం చూసి ఉండరు. హార్మోనియం ఆయన పాపం ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. మావయ్యగారు మైకులోకి వంగి, "ఏవండీ! నేనిక్కడున్నానండి!" అన్నారు.

బజ్జీల బండి, "నేనిక్కడున్నానండి!" అంది.

"అటు కాదు! ఇటు, ఇటు చూడండి!"

"ఇటు చూడండి!" అని బండి బతిమాలింది. అందరూ ఇంకా శ్రద్ధగా బండినే చూశారు. కొందరు ఫోన్లు తీసి వీర్రాజుని వీడియో పట్టడం మొదలెట్టారు. అతను ఇక లాభం లేదని స్టవ్వు ఆపి, చేతులు కట్టుకున్నాడు. అది మరీ రాజసంగా ఉంది.

"ఏదో ఒకటి చెయ్యండి!" అని శారద నా భుజం కుదిపింది. ఆమె కళ్ళలో నీళ్ళు. "నాన్నగారి ఆఖరి వేషం అండీ అది!"

పేపర్లో తప్పు పడితే మర్నాడు సవరణ వేసుకోవచ్చు. ఇక్కడ మర్నాడు లేదు. నేను మధ్య బాక్సుల సౌండు పెంచబోయి ఇంకేదో తిప్పాను. సెట్టు మొత్తం ఒకసారి కుయ్యిమని ఏడ్చింది. సత్తిబాబు ఎక్కణ్ణుంచో, "నా పరువు!" అని దానికి శృతి కలిపాడు.

మళ్ళీ తల ఎత్తేసరికి స్టేజీ ఖాళీ. మావయ్యగారు మైకు పీకి సింహాసనం మీద పడేసి, మెట్లు దిగుతున్నారు. కిరీటం, గద, తోకలా ఈడుస్తున్న జరీ వస్త్రం. తిన్నగా నా వైపే వస్తారనుకుని కుర్చీ వెనక్కి జరిగాను. ఆయన నన్ను దాటి, వరసల మధ్య నుంచి, వీపుల మధ్య నుంచి, మైదానం ఆ కొసకి నడిచారు. వీర్రాజు పక్కకి తప్పుకున్నాడు. మావయ్యగారు గద అతని చేతికిచ్చి, బండి పక్క బల్ల మీద ఆఖరి వరస కుర్రగాళ్ళకి మూరెడు దూరంలో కూర్చుని, "ఇప్పుడు చూస్తున్నారు కదా. వినండి," అన్నారు.

మైకు లేదు. గొట్టం లేదు. డిలే లేదు. పద్యం మొదటి నుంచీ అందుకున్నారు. ముందు వరసలో చుట్టాలకి వినపడిందో లేదో నాకు తెలీదు. వెనక వరస మాత్రం ఊపిరి బిగబట్టింది. రాగం దింపేసరికి ఒక క్షణం కాలవ నీళ్ళ చప్పుడు వినిపించింది. తర్వాత ఆఖరి వరస లేచి నిలబడి వన్స్‌మోర్ కొట్టింది. మళ్ళీ పాడారు. మళ్ళీ కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది, గద భుజాన వేసుకున్న వీర్రాజు.

నాటకం అయ్యాక గ్రీన్‌రూములో కొబ్బరినూనెతో మొహం రంగు తుడుచుకుంటున్నారు మావయ్యగారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. శారద నన్ను లోపలికి నెట్టింది.

"క్షమించండి, మావయ్యగారూ."

"ఎందుకండి అల్లుడుగారూ? మీరన్న మాట నిలబెట్టుకున్నారు. ఆఖరి వరసలో వాడి పక్కన కూర్చుని పాడినట్టుంటుందన్నారు. కూర్చునే పాడానండి."

నాకు ప్రాణం లేచొచ్చింది. అలవాటు కొద్దీ కాస్త తల కూడా లేచింది. "అసలు సిద్ధాంతంలో లోపం లేదండి. గొట్టానికి కూడా డిలే పెట్టుంటే..."

ఆయన చెయ్యెత్తి ఆపారు.

"వేషం మానేస్తానన్నాను కదా. మాననండి. వెనక వరస నన్ను ఇంకా వింటుందని తెలిసింది. వచ్చే ఏడు కూడా రాజు నేనే. కాకపోతే ఒక్క షరతు."

"చెప్పండి!"

"ఆ రోజు మీకు ఆఫీసులో సెలవు దొరక్కూడదు."

తర్వాత ఆయన చాలా ఏళ్ళు వేషం కట్టారు. కొన్నాళ్ళకి నాకూ సెలవు దొరకనిచ్చారు. పక్క ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు పద్యం పాడమంటే వీర్రాజు కాదనడు. కిళ్ళీ వేసుకుని మొహమాటంగా నవ్వుతాడు. కాబట్టి చదువరులైన మీ అందరి సమక్షంలో, ఆ కొబ్బరిచెట్టు మీది గొట్టం సాక్షిగా, ప్రమాణం చేస్తున్నాను. ఏ సభలోనూ, ఏ మిక్సరు మీదా, ఏ బటనూ ముట్టుకోను. పేపర్లో రాసింది పేపర్లోనే వదిలేసి వస్తాను. నాటకానికి వెళ్తే ఆఖరి వరసలో, బండికి ఆనుకుని కూర్చుంటాను. మాట తప్పుతానేమోనని శారద ముందుజాగ్రత్తగా నా కుడిచేతిలో ఒక బజ్జీ, ఎడంచేతిలో ఒక బజ్జీ పెడుతుంది. అవి అయిపోవస్తుంటే, నేను అడక్కుండానే, వీర్రాజు ఇంకో వాయి వేస్తాడు.